బాగ్దాద్‌లో అయితే సరే

మేం దూదేకులవాళ్లం. నూర్‌బాషాలని, పింజారీలని, లదాఫ్‌లని ఊరికొక పేరు. సర్టిఫికెట్‌లో బీసీ-బి. ఇంట్లో మాట తెలుగు. అమ్మను అమ్మా అనే పిలుస్తాం, నాయనను నాయనా అనే. అమ్మీ, అబ్బా అనకపోవడంతో ఉర్దూ మాట్లాడే సాయిబులకు మేం సగం సాయిబులం. పేరులో మస్తానో దస్తగిరో ఉండడంతో మిగతా ఊరికి పూర్తి సాయిబులం. ఈ బాధ మీద మావాళ్లు కవిత్వం రాశారు, కథలు రాశారు. నేను రాసినవి అవి కావు. జిన్నుల మీద, ఎగిరే పరుపు మీద, ఉప్పు కొటార్ల అడుగున ఉండే కోట మీద నాలుగు పుస్తకాలు రాసి, నా డబ్బుతో నేనే అచ్చేసుకున్నాను. అయిదోది రాస్తున్నాను. ఒంగోల్లో చిన్న డీటీపీ సెంటరు నా బతుకుదెరువు. పెళ్లిపత్రికలు, ఎన్నికల కరపత్రాలు, ఇతరుల కవితా సంపుటాలు కంపోజ్ చేస్తాను. అస్తిత్వం గురించిన సంకలనంలో వీడికేం పని అని మీరనుకోవచ్చు. అట్లా అనుకున్నవాళ్లు నాకు కొత్త కాదు. ఈ వ్యాసంలో చాలాభాగం వాళ్ల గురించే.

మా నాయన విల్లు భుజానేసుకుని ఊళ్లు తిరిగి పరుపులు కుట్టేవాడు. పెద్దవాళ్ల ఇళ్లల్లో మూలన పడేసిన పాత చందమామలు అడిగి తెచ్చేవాడు. దూది నూగు అంటుకుని ఉండేవి అవి. శిథిలాలయం, రాకాసిలోయ, పాతాళదుర్గం... వరసగా దొరికేవి కావు, నడిమధ్యలో ఒక నెల, చివరలో ఒక నెల. మిగతా నెలలు నేనే అల్లుకునేవాణ్ణి. రాసిన మనిషి పేరు పుస్తకంలో వేసేవాళ్లు కాదు. ఆయన దాసరి సుబ్రహ్మణ్యం అని నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. 1952 నుంచి అర్ధ శతాబ్దం పైగా ఆ పత్రికలోనే పనిచేసి, 2010లో పోయాడు. ఆయన రాతా, చిత్రా గీసిన బొమ్మలూ లేకపోతే నేను లేను. శిఖిముఖి, విక్రమకేసరి నా అన్నలు. కాకపోతే, అన్నలకు నా పేరు ఉండేది కాదు.

మరి నా పేరున్నవాడు ఎక్కడున్నాడు? ఉన్నాడు. బాలనాగమ్మ కథలో ఉన్నాడు. కొందరు మాయల మరాఠీ అంటారు, కొందరు మాయల ఫకీరు అంటారు. మా ఊళ్లో ఫకీరే. పరాయి ఇల్లాలిని కుక్కగా మార్చి ఎత్తుకుపోయేవాడు, ప్రాణం సముద్రాల అవతల చిలకలో దాచుకున్నవాడు. ఊళ్లో బుర్రకథ చెప్పించిన మర్నాడు పిల్లలం ఆట కడితే ఫకీరు వేషం ఎవరికిస్తారో చెప్పక్కర్లేదు. నేను బాగా చేసేవాణ్ణి కూడా. చిలక మెడ విరిచినప్పుడల్లా చచ్చిపోయేవాణ్ణి. వారానికి నాలుగైదుసార్లు.

ఇంకోచోట కూడా ఉన్నాడు, బాగ్దాద్‌లో. 1957లో అక్కినేని అల్లావుద్దీన్ అయ్యాడు. 1968లో రామారావు బాగ్దాద్ గజదొంగ అయ్యాడు, 1970లో ఆలీబాబా అయ్యాడు. జనం విరగబడి చూశారు, మేమూ చూశాం. చందమామలో కూడా సుల్తానుల కథలు బోలెడు వచ్చాయి. అంటే తెలుగువాళ్లకు సాయిబు కథానాయకుడుగా పనికిరాడని కాదు. పనికొస్తాడు. దూరంగా, బాగ్దాద్‌లో ఉంటే. ఒంగోలు బస్టాండులో ఉంటే మాత్రం ఫకీరు అయినా కావాలి, నాయకుడి కోసం ప్రాణమిచ్చే నమ్మకమైన బంటు అయినా కావాలి.

గులేబకావళి సంగతి చూడండి. ఆ కథ పర్షియన్‌లో ఉండేది. నిహాల్‌చంద్ లాహోరీ దాన్ని 1803లో కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీ కోసం ఉర్దూలో చెప్పాడు. అందులో రాకుమారుడు తాజుల్ ములూక్. 1962లో రామారావు దాన్ని తెలుగులో తీశాడు. సి. నారాయణరెడ్డి సినిమా పాటలు మొదలుపెట్టింది అందులోనే. పువ్వు వచ్చింది, పువ్వు పేరు వచ్చింది, గుడ్డివాడైన తండ్రి వచ్చాడు. తాజుల్ ములూక్ పేరు మాత్రం రాలేదు. నేను తప్పుపట్టడం లేదు. కథలు అట్లాగే ఊళ్లు దాటతాయి, దాటేటప్పుడు బట్టలు మార్చుకుంటాయి. అయితే ఎప్పుడూ ఒకవైపువాళ్లే బట్టలు మార్చుకోవాలా అన్నది నా ప్రశ్న.

నాకు ఉర్దూ చదవడం రాదు. అందుకని అమీర్ హమ్జా దాస్తాను నా చేతికి ఇంగ్లీషులో, అదీ నలభై దాటాక దొరికింది. ముషర్రఫ్ అలీ ఫారూఖీ 2007లో చేసిన అనువాదం. నిఘంటువు పక్కన పెట్టుకుని ఏడు నెలలు చదివాను. అమర్ అయ్యార్ అనే దొంగవేషాల మొనగాడి దగ్గర జంబీల్ అని ఒక సంచి ఉంటుంది. అందులో ఊళ్లకు ఊళ్లే పడతాయి. అది చదువుతుంటే నాకు మా నాయన దూది గోతాం కనపడింది. ఎంత కుక్కినా ఇంకా పట్టేది అది. ఈ దాస్తాను నాకు పరాయిదేం కాదు. హాజీ కిస్సాఖ్వాన్ హమదానీ అనే కథకుడు 1612 ప్రాంతంలో హమ్జా కథను వెంటబెట్టుకుని హైదరాబాదు వచ్చాడు. అంటే చార్మినార్ కట్టిన ఇరవై ఏళ్లకే ఆ జిన్నులు మన గడ్డ మీద దిగాయి. దాన్ని ఉర్దూలో 46 భారీ సంపుటాలుగా అచ్చేసింది లక్నోలో నవల్ కిశోర్ ప్రెస్సు. నవల్ కిశోర్ హిందువు. ఖురాన్ కూడా అచ్చేసినవాడు. ఆ కథలు చెప్పి బతికిన ఢిల్లీ దాస్తాన్‌గో మీర్ బాకర్ అలీ 1928లో పోయాడు. చివరి రోజుల్లో వక్కలు అమ్ముకున్నాడంటారు. అది చదివినప్పుడు నేను పెళ్లిపత్రికలు కంపోజ్ చేసుకుంటున్నందుకు పెద్దగా బాధపడలేదు.

అట్లా పుట్టాడు నా మస్తాన్. పన్నెండేళ్లవాడు, దూదేకులవాడు. వాడి తాత అటక మీద దాచిన విల్లు మీటితే దూది మబ్బవుతుంది. వాడి పరుపు ఎగురుతుంది. తివాచీ మాకెక్కడిది? పరుపైతే మేమే కుట్టుకుంటాం. మొదటి భాగం 'మస్తాన్ విల్లు' రాయడానికి ఏడాది పట్టింది. ఒక వారపత్రికకు పంపాను. ఎడిటరుగారు ఫోన్‌చేసి మరీ మెచ్చుకున్నారు. పాతరోజులు గుర్తొచ్చాయన్నారు. ఆఖర్న, "చిన్న మార్పండీ. కుర్రాడి పేరు మహేంద్రుడనో, విజయుడనో పెట్టండి. అందరి పిల్లలూ చదవాలి గదా" అన్నారు. మస్తాన్ అంటే అందరి పిల్లలూ ఎందుకు చదవరండీ అన్నాను. ఆయన మంచివాడే, ఇబ్బంది పడ్డారు. "మీరే ఆలోచించండి" అన్నారు. ఆలోచించాను. ఇంకో ప్రచురణకర్త మార్గం చెప్పాడు. పేరు మార్చాల్సింది మస్తాన్‌ది కాదట, నాది. కలం పేరు పెట్టుకోమన్నాడు.

సరే, కంపోజింగ్ మనదే, ప్రూఫులు మనవే. 2011లో నేనే అచ్చుకిచ్చాను. డెమ్మీ సైజు, తొమ్మిది ఫారాలు, వెయ్యి కాపీలు. అన్నీ కలిపి ముప్ఫై ఒక్క వేలు. వెల అరవై రూపాయలు. అట్ట బొమ్మకు సినిమా బ్యానర్లు రాసిన ఒక పెయింటరుగారి దగ్గరికి పోయాను. ఆయన గీసి తెచ్చిన మస్తాన్‌కు ఆకుపచ్చ టోపీ, కళ్లకు సుర్మా, మెళ్లో తాయెత్తు, చేతిలో కత్తి. పన్నెండేళ్లవాడికి మీసం ఒక్కటే తక్కువ. "ఇదేంది అన్నా, పిల్లోడు గదా" అంటే, "సాయిబులంటే ఇట్టాగే గదయ్యా ఉండేది" అన్నాడు. ఆయనకు ఇరవై ఏళ్లుగా నేను తెలుసు. నా తల మీద టోపీ చూసింది పండగనాడే. "నన్ను చూసి గియ్యి అన్నా" అన్నాను. నిక్కరూ చొక్కా వేసుకున్న మామూలు పిల్లాణ్ణి గీశాడు రెండోసారి. ఆ బొమ్మ చాలా బాగా కుదిరింది. దుకాణంలో అట్ట చూసినవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు, "ఇందులో మస్తాన్ ఎవరండీ?" అని.

పుస్తకం అచ్చేయడం తేలిక, అమ్మడమే కష్టం. సొంతంగా వేసుకున్నవాళ్లందరికీ తెలిసిందే కాబట్టి దాన్ని సాగదీయను. డిస్ట్రిబ్యూటరు నూటికి నలభై అయిదు తీసుకున్నాడు. మూడేళ్లకు లెక్క చెప్పి డెబ్బై కాపీలకు రెండువేల మూడొందల పది రూపాయలు ఇచ్చాడు. ఆ డెబ్బై కూడా ఎట్లా పోయాయో ఒకరోజు షాపుకు పోయి చూస్తే అర్థమైంది. మస్తాన్ పిల్లల పుస్తకాల అరలో లేడు. నమాజు నేర్పే పుస్తకాల పక్కన ఉన్నాడు. నేనే తీసి పాతాళభైరవి పాటల పుస్తకం పక్కన పెట్టి వచ్చాను. మళ్లీ పోయేసరికి మళ్లీ నమాజు దగ్గరే.

2012 జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనలో ఒక మిత్రుడి స్టాల్లో నాలుగడుగుల బల్ల తీసుకుని కూర్చున్నాను. యాభై రెండు అమ్ముడయ్యాయి. వాటి గురించి చెప్పను, అమ్ముడుకాని ఒకదాని గురించి చెబుతాను. పదేళ్ల పిల్లాడు నిలబడి మొదటి అధ్యాయం అంతా చదివేశాడు. పరుపు గాల్లోకి లేచే చోట నోరు తెరిచాడు. అది చూస్తూ కూర్చోవడంలో ఉన్న సుఖం నాకు ఏ సన్మానమూ ఇవ్వలేదు. సన్మానాలు ఎవరూ చేయలేదనుకోండి. వాళ్ల నాన్న వచ్చాడు. పుస్తకం తీసుకుని, జేబులోంచి పర్సు కూడా తీశాడు. వెనక్కి తిప్పి నా పేరు చదివాడు. నా మొహం చూశాడు. పర్సు జేబులో పెట్టుకుని, "మన ఇంట్లో ఉందిలే నాన్నా ఇట్లాంటిది" అని చెయ్యిపట్టుకుని తీసుకుపోయాడు. ఆయనేం తిట్టలేదు, కొట్టలేదు. పేపర్లో వేసే వార్త కాదు. ఆ పిల్లాడు స్టాలు మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే పోయాడు. పరుపు దిగిందో లేదో వాడికి తెలియదు.

ఇది ఒకవైపు. రెండోవైపు మావాళ్లు. మసీదు దగ్గర ఒక పెద్దాయన పట్టుకుని, "జాదూ, మంత్రాలు పిల్లలకు నేర్పుతావా, పాపం కాదా" అన్నాడు. ఖురాన్‌లో 72వ సూరా పేరే జిన్ గదా హజరత్ అన్నాను. "అది అల్లా చెప్పింది, ఇది నువ్వు చెబుతున్నావు" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. అయినా వాళ్ల మనవరాలు రెండో భాగం అడిగి పట్టుకుపోయింది.

మూడోవైపు నా మిత్రులు. మీరే. అభ్యుదయవాదులు, లౌకికవాదులు, మా ముస్లిం రచయితలు కూడా. నన్ను ఎప్పుడూ ప్రేమగానే చూశారు. అందుకే ఈ మాట గట్టిగా చెప్పగలుగుతున్నాను. ఖాదర్ మొహియుద్దీన్ పుట్టుమచ్చ 1991లో వచ్చినప్పుడు దాన్ని నేను చేత్తో నకలు రాసుకున్నాను. 1998లో జల్‌జలా వస్తే ఒక రాత్రిలో చదివాను. అవి లేకపోతే మస్తాన్ అనే పేరును అట్ట మీద వేసే ధైర్యం నాకు ఉండేది కాదు. కానీ నా పుస్తకం చేతిలో పెడితే ఒకాయన అన్నాడు: "ఏందిది భాయ్, ఇంత జరుగుతుంటే జిన్నులేంది? ఇది పలాయనవాదం గదా. మీ బాధ రాయి. గుజరాత్ మీద రాయి, పర్దా మీద రాయి, మీ దూదేకుల వివక్ష మీద రాయి." రాస్తే సమీక్ష చేస్తానన్నాడు కూడా.

నేను అడుగుతున్నాను. మీ ఇంటి పిల్లలకు రాకుమారులు, మాంత్రికులు, రెక్కల గుర్రాలు. మా ఇంటి పిల్లలకు బాధేనా? మీ రచయిత రాక్షసుణ్ణి సృష్టిస్తే అది కల్పనాశక్తి, నేను సృష్టిస్తే పారిపోవడమా? మేం ఏడ్చినప్పుడు మీరు వింటారు, కళ్లు తుడుస్తారు, అందుకు సలాం. మేం ఎగిరినప్పుడు ఎందుకు చూడరు? సంకలనాల వాళ్లు కూడా నన్ను అడిగింది కథ కాదు, వ్యాసం. మస్తాన్ మీద కాదు, మస్తాన్ అమ్ముడుపోకపోవడం మీద. రాస్తున్నాను, చూడండి.

అసలు పారిపోయింది ఎక్కడికి? రెండో భాగం 'రొట్టెల చెరువు' నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర నడుస్తుంది. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువులో దిగి జనం రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్యం రొట్టె. కోరిక ఉన్నవాడు పుచ్చుకుంటాడు, తీరినవాడు మరుసటేడు తెచ్చి ఇస్తాడు. అన్ని మతాలవాళ్లూ నడుముల్లోతు నీళ్లలో నిలబడి ఇచ్చిపుచ్చుకునే ఈ పండగకన్నా పెద్ద మాయాలోకం నేను కల్పించలేను. నాలుగో భాగం 'మోటుపల్లి ఓడ'. ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయిన ఆ పల్లె ఒకప్పుడు పెద్ద రేవు. కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ శాసనం వేయించి సముద్రం మీద వచ్చే వర్తకులకు అభయమిచ్చాడు. పగిలిన ఓడల సరుకును రాజులు ఊడ్చుకుపోయే అలవాటు మాన్పించాడు. నా మస్తాన్ ఆ కాలంలోకి జారిపడి, పగిలిన ఓడలోంచి ఒడ్డుకొచ్చిన పరదేశి పిల్లాణ్ణి ఆ శాసనం చూపించి కాపాడతాడు. దీన్ని పలాయనం అంటే, ఒంగోలు నుంచి మోటుపల్లికి పారిపోయాను, అంతే. అరగంట ఆలస్యంగా నడిచే బస్సులో.

లాభనష్టాల మాట. 2013లో వేసిన రెండో భాగం ఆరువందల్లో రెండువందల నలభై మంచం కింద చెదలు తిన్నాయి. మా ఆవిడ వాటిని చాటలోకి ఎత్తుతూ, "ఇది దూది అయినా బాగుండేది, రెండు దిండ్లు వచ్చేవి" అంది. మూడో భాగానికి అప్పు చేయనీయలేదు. నాలుగైదు పుస్తకాల కంపోజింగ్ డబ్బులు పక్కన పెట్టి 2016లో మూడొందలు మాత్రమే వేశాను. విచిత్రం, అవి ఏడాదిలో అయిపోయాయి. సగం కొన్నది చీరాల దగ్గర ఒక బడి. అక్కడి తెలుగు మాస్టారు పిల్లలందరి చేతా చదివించాడు, పిల్లలు ఉప్పు కొటార్ల జిన్ను నాటకం ఆడారు. నేను వెనక బెంచీలో కూర్చుని చూశాను. మస్తాన్ వేషం వేసిన పిల్లాడు మా మతం వాడు కాదు. వాడికి ఆ సంగతి గుర్తున్నట్టు కూడా లేదు. జిన్ను వేషం వేసింది మాత్రం ఒక సాయిబుల పిల్లాడే! మాస్టారు నా మొహం చూసి, "వాడే కావాలన్నాడండీ, జిన్నుకే మంచి డైలాగులున్నాయంట" అన్నాడు. నిజమే, ఉన్నాయి.

నాలుగోది 2019 డిసెంబరులో వచ్చింది. మూడు నెలలకు అన్నీ మూతబడ్డాయి. 2020 ఏప్రిల్‌లో కరోనాకు కూడా మా పేరే పెట్టారు. మా వీధిలోకి కూరగాయల బండి రానీయని రోజులు అవి. అప్పుడు మాత్రం మిత్రులు ఫోన్లు చేశారు, ఇప్పుడన్నా రాయవయ్యా అని. నేను రాయలేదు. సాయంత్రాలు ఇంటి ముందు మెట్ల మీద కూర్చుని వీధి పిల్లలకు మోటుపల్లి ఓడ చదివి వినిపించాను, దూరందూరంగా కూర్చోబెట్టి. పదోరోజుకు అవతలి వీధి పిల్లలు కూడా గోడెక్కి కూర్చున్నారు. వాళ్ల అమ్మలు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

ఇప్పుడు అయిదోదాని పని నడుస్తోంది. పాత నాలుగూ అనూ ఫాంట్లో ఉన్నాయి. ఆ అక్షరాలు ఫోన్లలో చదివించాలంటే యూనికోడ్‌లోకి మార్చాలి, మారిస్తే ఒత్తులన్నీ చెదురుతాయి, మళ్లీ ప్రూఫు. 2024 డిసెంబరులో రిజిస్టర్డ్ బుక్‌పోస్టు ఎత్తేశాక చిన్న పుస్తకం పంపడం కూడా బరువైంది. ఈసారి రెండొందల కాపీలు వేసి, అయిపోతే మళ్లీ వేసుకుందామనుకుంటున్నాను.

ప్రూఫులు ఒకమ్మాయి చూస్తోంది. 2013లో కనిగిరి దగ్గర పల్లె నుంచి కార్డు రాసింది, ఎనిమిదో తరగతి. "మస్తాన్‌కు అక్క ఉంటే బాగుంటుంది, అక్కకు విల్లు బాగా వాయించడం రావాలి" అని. మూడో భాగంలో అక్క వచ్చింది. ఆ అమ్మాయి ఇప్పుడు నెల్లూరులో నర్సు. రాత్రి డ్యూటీల్లో చదివి, ఎర్ర ఇంకుతో గుర్తులు పెట్టి కొరియర్‌లో పంపుతుంది. నిన్న వచ్చిన కట్టలో నలభయ్యో పేజీ మార్జిన్లో రాసింది: "సర్, జిన్ను నిప్పుతో పుట్టింది అన్నారు గదా. మరి దానికి దాహం ఎట్లా వేస్తుంది?" ఇంకా జవాబు రాయలేదు.